2217కి రెండు గొంతులు

జ్యేష్ఠ శుద్ధ సప్తమి

పొద్దున్నే మూడు నంబర్లు ఇచ్చాను. 5079 ఒక చేపల చెరువులో గాలి కొట్టే మరకి, 5080 వంటశాల పొయ్యికి, 5081 కోళ్ళగూటి తలుపుకి. కోళ్ళగూటికి బోర్డెందుకమ్మా అంటే, పిల్లి వస్తోందండి, అది వస్తే తలుపు దానంతటదే మూసుకోవాలి అంది ఆవిడ. సరే, పిల్లికీ ఒక నంబరు. బోర్డు డిజైను అందరిదీ, చేసుకున్న బోర్డు వాళ్ళది, నాది నంబరు ఒక్కటే. అదైనా అడిగిన వాళ్ళకే.

మా ముప్ఫై రెండు లంకల్లో ఎవరు కొత్త సర్క్యూట్ బోర్డు చేసినా రేడియోలో నన్ను పిలుస్తారు. పాత నగరపు చెత్తగుట్టల్లోంచి ఏరి తెచ్చే చిప్పులకు సొంత గుర్తంటూ ఏమీ ఉండదు. అన్నీ ఒక్కలాగే ఉంటాయి, ఒక్కలాగే పలుకుతాయి. అందుకని నేను రిజిస్టరులో తరువాతి వరస తీసి ఆ అంకె చెబుతాను. వాళ్ళు దాన్ని చిప్పులోకి ఎక్కించి, బోర్డు వీపు మీద రంగుతో కూడా రాసుకుంటారు. రిజిస్టరులో పట్టని సంగతులు నేను ఈ లాగ్ పుస్తకంలో రాసుకుంటాను. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. ఇచ్చిన నంబరు మళ్ళీ ఇంకొకరికి ఇచ్చిన పాపాన పోలేదు. ఈ మాట అడిగిన వాళ్ళకు చెబుతాను, అడగని వాళ్ళకూ చెబుతాను.

మధ్యాహ్నం కూనలంక నాగరత్నం పిలిచింది. లంకలన్నిటికీ వరినారు పోసేది ఆవిడే. సముద్రం లోపలికి వచ్చేశాక ఉప్పు తగలని నేల ఆ ఒక్క లంకలోనే మిగిలింది. వానలు మారి కాలం ముందుకు జరిగింది కాబట్టి, ఇప్పుడు ఏరువాక పున్నమి మర్నాడే నారు పంచుతాం.

"తాయారక్కా, నిన్న మధ్యాహ్నం పోటు మీదుండగా మా తూము తలుపు తెరుచుకుందే. ఒకసారి కాదు, గంటలో ఆరుసార్లు. మూసుకుంటంది, మళ్ళీ తెరుచుకుంటంది. మొదటి మళ్ళో నారు కొసలు ఎర్రబడిపోయాయి."

"తీగ వదులై ఉంటుంది, చూడు."

"తీగా లేదు, తోకా లేదు. ఇస్సాకు వచ్చి అంతా చూసెళ్ళాడు. నీ నంబర్లలోనే ఏదో ఉంది."

"నా నంబర్లలో ఏమీ ఉండదు రత్నం" అని రేడియో కట్టేశాను. కోపం వచ్చింది. వచ్చిందనే రాస్తున్నాను.

నవమి

ఇస్సాకు పడవలో కూనలంక వెళ్ళాను. ఇస్సాకుకి యాభై దాటాయి. లంకల మధ్య పడవ నడుపుతాడు, పాడైన బోర్డులు బాగుచేస్తాడు. కూనలంక తూముకు ఇప్పుడున్న బోర్డు అతను బాగుచేసి పెట్టిందే. అక్కడి పాత బోర్డు పిడుగు పడి మాడిపోతే, చెత్తలో దొరికిన ఇంకోదాన్ని బతికించి పంచమి నాడు బిగించాడు. దాని నంబరు 2217. ఆ సంగతి రిజిస్టరులో నా చేతిరాతతోనే ఉంది.

పని చాలా తేలిక. కాలవ మధ్యలో గుంజకు బోర్డు కట్టి ఉంటుంది. పది నిమిషాలకోసారి నీళ్ళలో ఉప్పెంతుందో రేడియోలో చెబుతుంది. గట్టు మీది తలుపు మోటారు 2217 అనే నంబరు కోసం చెవి ఒగ్గి ఉంటుంది. ఉప్పు ఎక్కువని వింటే మూస్తుంది, నీళ్ళు తియ్యగా ఉన్నాయని వింటే తెరుస్తుంది. మోటారుకి ఇంతకన్నా తెలివి లేదు, ఉండక్కర్లేదు.

నాగరత్నం గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడింది. నేను బోర్డు విప్పించాను, తీగలు పీకించాను, బ్యాటరీ కూడా ఊడదీయించి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వీపు మీద లక్క పూత కింద 2217 అని ఎర్రరంగు అంకెలు. ఇప్పుడిది కట్టెముక్కతో సమానం, ఏమీ మాట్లాడలేదు అని రత్నానికి వివరంగా చెబుతున్నాను.

పక్కనున్న రేడియో గురగురమంది. "2217. ఉప్పు సున్నా పాయింట్ మూడు."

గట్టు మీద మోటారు మూలుగుతూ తలుపు ఎత్తింది. నాలుగింటి పోటు లోపలికి వచ్చింది.

ఇస్సాకు సిలువ గుర్తు వేసుకున్నాడు. నాగరత్నం నా వంక చూసింది. ముగ్గురం కలిసి చేతిచక్రం తిప్పి తలుపు దింపేసరికి రెండో మడిలోకి కూడా ఉప్పు చేరిపోయింది.

దశమి

రాత్రంతా నిద్ర పట్టలేదు కాబట్టి ఇప్పుడు స్పష్టంగా రాసుకుంటాను. ఎక్కడో ఇంకో 2217 ఉంది. అది మంచినీళ్ళలో ఉంది. అది తియ్యగా ఉందన్నప్పుడల్లా కూనలంక తలుపు తెరుచుకుంటోంది.

దగ్గరి దారి ఏదైనా ఉందా అని ఇస్సాకుని అడిగాను.

"కూనలంక దాని నంబరు మార్చేద్దామండీ, మోటారుకీ కొత్త నంబరు చెప్పేద్దాం."

"మారుతుందా?"

"మారదండి. పాతకాలం బోర్డు కదా, అప్పట్లో నంబరు చిప్పులో కాల్చేసేవోరు. చెరపడానికి ఉండదు."

"వేరే బోర్డు పెట్టు."

"చిప్పేదండీ? గుట్టలకి ఎల్లి రావాలంటే పదిహేను రోజులు. పున్నమి ఐదు రోజుల్లో ఉంది."

"తలుపు దింపేసి వదిలేస్తే?"

"నారు ఉడికిపోద్దండి ఈ ఎండకి. ఆటు మీద మంచినీళ్ళు ఎక్కాలి, పోటు మీద మూయాలి. రోజూ రెండేసి సార్లు. చేత్తో తిప్పుదామంటే ఇప్పుడు కదుల్తుంది గానండీ, పున్నమి పోటు తోస్తుంటే పదిమంది తిప్పినా చక్రం కదలదు."

అంటే ఆ రెండో 2217ని పట్టుకోవాలి. లేదంటే పౌర్ణమి పొద్దున తొమ్మిదింటి పోటుకి ముప్ఫై రెండు లంకల నారు పోతుంది. దొరుకుతుంది. ఈ నదిలో నాకు తెలియకుండా ఏ బోర్డూ దాక్కోలేదు.

ఏకాదశి

పొద్దుటి ప్రకటనల వేళలో రేడియోలో అడిగాను. ఎవరి దగ్గరైనా 2217 ఉందా, ఉంటే చెప్పండి, ఏమీ అనను అని. ఎవరూ పలకలేదు. ఏమీ అనను అన్నది నేను కాబట్టి నమ్మి ఉండరు.

సరే అని ఇంకో దారి పట్టాను. ఎగువనున్న పదకొండు లంకల వాళ్ళనీ వరసగా, ఒక్కొక్కరు పావుగంట పాటు బోర్డులన్నీ ఆపేయమన్నాను. గొడవ చేశారు. ఒకావిడ పాలు విరిగిపోతాయంది, ఒకాయన పంపు ఆగితే మళ్ళీ ఎత్తుకోదన్నాడు. కోళ్ళగూటావిడ పిల్లి సంగతి ఎత్తింది. అందరికీ సరిపడా సమాధానాలు చెప్పాను, ఎవరి మర్యాదా తగ్గించలేదు, బాగా పెంచనూ లేదు.

ఏడో లంక దగ్గర ఆ రెండో 2217 నోరు మూసింది. పావుగంటయ్యాక మళ్ళీ పలికింది. గోగులంక.

గోగులంక అనగానే నాకు అబ్బులుగారు గుర్తొచ్చారు. ఆయన భార్య అచ్చియ్యమ్మగారు బోర్డులు చేయడంలో మా అందరికన్నా ముందుతరం మనిషి. రిజిస్టరు తిప్పితే 2217 పక్కన ఆవిడ పేరే ఉంది. ఇరవై ఏళ్ళ కింద నేనే ఇచ్చాను.

ద్వాదశి

గోగులంక తూము గట్టు మీద అబ్బులుగారు కొబ్బరి పీచు పేనుతూ కూర్చున్నారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. నన్ను చూసి మంచినీళ్ళిచ్చారు. పక్కనే గుంజకు కొత్త బోర్డు, దాని వీపు మీద పెద్ద పెద్ద అంకెల్లో 2217.

"అబ్బులుగారూ, ఈ నంబరు నేను మీకు ఇవ్వలేదే."

"ఇచ్చావు తాయారమ్మా."

"ఇరవై ఏళ్ళ కింద అచ్చియ్యమ్మగారికి ఇచ్చాను. ఆ బోర్డు వేరు."

"ఆ బోర్డు సచ్చిపోయింది. ఆవిడ పోయిన నెలకే అదీ పోయింది. నా చేత్తోనే చెత్తబుట్టలో ఏశాను. కొత్తది చేయించుకుని నిన్నే అడిగాను, ఏం నంబరు పెట్టమంటావని. ఆవిడ నంబరే పెట్టుకోండి, ఎవరు కాదంటారు అన్నావు."

"నేనా? అలా అంటానా?"

"నువ్వే. రేడియోలో. లంకలన్నీ విన్నాయి."

ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఆరేళ్ళలో నేను అలాంటి మాట అనలేదని, అనబోనని, ఆయన వేరే ఎవరి గొంతో విని ఉంటారని అన్నాను. అచ్చియ్యమ్మగారి బోర్డు చచ్చిపోలేదు, ఇస్సాకు బాగుచేస్తే కూనలంకలో పనిచేస్తోంది, రెండూ ఒకే నంబరుతో పలకడం వల్ల నారు మాడిపోతోంది, మీ దాని నంబరు ఇప్పుడే మార్చండి అని కూడా అన్నాను. ఒక్క ఊపిరిలో అన్నాను.

ఆయన పీచు పేనడం ఆపలేదు.

"సచ్చినదాన్ని నా కళ్ళతో నేను సూశాను తాయారమ్మా. బతికుందంటే ఎలా నమ్మేది? ఆవిడది నా దగ్గిర ఈ నాలుగంకెలే మిగిలాయి. అవీ పట్టుకుపోతానంటే ఎలాగ?"

పడవెక్కాను. దారిలో ఇస్సాకు రెండు మూడు సార్లు నా వంక చూశాడు. నా కోపం అతనికి అలవాటే కానీ, ఇవాళ నా ముఖంలో కోపం కాకుండా ఇంకేదో కనబడి ఉంటుంది.

త్రయోదశి

పాత లాగ్ పుస్తకాలు దించాను. నాలుగేళ్ళ కిందటిది, మాఘమాసం. నా చేతిరాత.

"గోగులంక అబ్బులుగారు పిలిచారు. 2217 పోయింది. నెల కిందటే అచ్చియ్యమ్మగారు పోయారు. కొత్తదానికి ఏం నంబరన్నారు. ఆవిడ నంబరే పెట్టుకోండి, ఎవరు కాదంటారు అన్నాను."

దాని కింద ఒక్క గీత. ఆ తరువాత వేరే ఏదో రాశాను, చేపల ధర గురించి.

ఆ మాట రిజిస్టరులో ఎక్కించలేదు. జాలితో అన్నదాన్ని రిజిస్టరులో ఏ గడిలో రాస్తాం? అనేసి మరిచిపోయాను. మొన్న పంచమి నాడు ఇస్సాకు, అమ్మగారూ 2217 బాగైందండి అంటే, రిజిస్టరు చూసి, ఇది అచ్చియ్యమ్మగారి బోర్డే కదా, ఇంకెవరికీ ఇవ్వలేదు కదా అని ధైర్యంగా కూనలంక అని రాసేశాను. రెండు తప్పులూ నావే. ఇరవై ఆరేళ్ళ నా గొప్ప అంతా ఆ ఒక్క గీత కింద ఉండిపోయింది.

ఏడుపొచ్చింది. కాసేపు ఏడ్చాను. తరువాత ముఖం కడుక్కుని ఆలోచిస్తే ఇంకో సంగతి తట్టింది, ఏడుపు ఎగిరిపోయింది. లంకలన్నీ విన్నాయి అన్నారు అబ్బులుగారు. మా వాళ్ళకు పోయిన తాత పేరు మనవడికి పెట్టుకోవడం పుట్టుకతో వచ్చిన అలవాటు. నంబర్లావిడే సరేనంది అని తెలిశాక, పోయిన బోర్డు నంబరు కొత్తదానికి పెట్టుకున్నవాళ్ళు ఆయనొక్కరే అయి ఉంటారా? ఇస్సాకు రేపు ఇంకో పది పాతవాటికి ప్రాణం పోస్తే?

సాయంత్రం ప్రకటనల వేళకు రేడియో పట్టుకున్నాను. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను కానీ చూడలేదు.

"నేను నంబర్ల తాయారుని. నాలుగేళ్ళ కింద గోగులంక అబ్బులుగారితో, పోయిన బోర్డు నంబరే కొత్తదానికి పెట్టుకోమని చెప్పింది నేనే. నిన్న ఆయన మొహం మీద కాదన్నాను. అన్నానని నా పుస్తకంలోనే ఉంది. తప్పు నాది. అబ్బులుగారూ, క్షమించండి. అలా పెట్టుకున్నవాళ్ళు ఇంకా ఎవరైనా ఉంటే మీ తప్పేమీ లేదు, నన్ను చూసి పెట్టుకున్నారు. ఒక్క మాట చెబుతాను. పేరు మీ ఇష్టం. వీపు మీద మీ తాత పేరు రాసుకోండి, మీ అమ్మ పేరు రాసుకోండి, ఎంత పెద్ద అక్షరాల్లో అయినా రాసుకోండి. లోపల చిప్పులో ఎక్కించే నంబరు మాత్రం కొత్తది తీసుకోండి. పిలవడానికి పేరు, పలకడానికి నంబరు. పున్నమి లోపల కావాలి."

తరువాత ఒకావిడ సన్నగా, "తాయారమ్మగారూ, మాదీ ఒకటుందండి. మా మావగారిది" అంది. 5084 ఇచ్చాను. ఆవిడ వెనకాలే ఇంకొకాయన. ఆయన వెనకాల ఇద్దరు. పొద్దు గూకేలోపు ఇరవై ఆరు నంబర్లు ఇచ్చాను, 5109 దాకా. మొగల్లంకలో ఒక్క ఇంట్లోనే నాలుగు బయటపడ్డాయి. అక్కడ పిండిమర దగ్గర్నుంచి గడియారం దాకా అందరూ తాతలే.

గోగులంక నుంచి మాత్రం పిలుపు రాలేదు.

చతుర్దశి

పొద్దున్నే కూనలంక చేరాను. తలుపు చేత్తో తిప్పడానికి ఎనిమిది మందిని కూడగట్టింది నాగరత్నం. నిన్నటి పోటుకే చక్రం మొరాయించింది. మూడో మడి కూడా కాస్త తిన్నది. ఇంకా తొమ్మిది మడులు పచ్చగా ఉన్నాయి.

"నిన్న రేడియోలో విన్నాను అక్కా" అంది రత్నం. "నువ్వు క్షమించమనడం నేనెప్పుడూ వినలేదు."

"నేనూ వినలేదు" అన్నాను. నవ్వింది. ఈ వారంలో మొదటిసారి.

పది దాటాక చిన్న దోనె ఒకటి కాలవలోకి వచ్చింది. తెడ్డు వేస్తున్నది అబ్బులుగారు, ఒక్కరే. గోగులంక నుంచి మూడు గంటల దారి. గట్టెక్కి, తలపాగా తీసి ముఖం తుడుచుకున్నారు.

"ఏదీ, సూపించు" అన్నారు.

ఇస్సాకు గుంజ మీంచి బోర్డు విప్పి తెచ్చి ఆయన చేతుల్లో పెట్టాడు. ఆయన దాన్ని తిప్పి వీపు చూశారు. లక్క పూత మీద చెయ్యి పెట్టి తడిమారు. అంకెల పక్కన లక్క ఒకచోట కాస్త లోపలికి నొక్కుకుని ఉంది. నవమి నాడు నేను దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను కానీ గమనించలేదు. బొటనవేలి ముద్ర అది. గీతలతో సహా ఉంది.

"లక్క ఆరకముందే ఎత్తేసేది ఎప్పుడూ" అన్నారాయన. "ఆగవే అంటే ఆగేది కాదు. ప్రతిదాని మీదా ఈ ఏలు పడేది."

ఆయన బొటనవేలు ఆ ముద్ర మీద పెట్టారు. చాలాసేపు అలాగే ఉంచారు. నాకు కళ్ళు నిండాయి, తుడుచుకోలేదు.

"ఏం పాడైంది దీనికి?" అని ఇస్సాకుని అడిగారు.

"ఒక్క అతుకు ఊడిందండి, అంతే. ఆవిడ పని గట్టిదండి, మిగతాదంతా అలాగే ఉంది."

"నేను సరిగ్గా సూడకుండా పారేశాను."

"ఆ నెలలో మీరేం చూడగలరు అబ్బులుగారూ" అన్నాను.

ఆయన బోర్డు ఇస్సాకుకి తిరిగి ఇచ్చారు. "మనిషి బతికుండగానే ఆ మనిషి పేరు ఇంకొకళ్ళకి పెట్టేసుకుంటామా? తప్పు. రాయి తాయారమ్మా, మాదానికి కొత్త నంబరు రాయి."

5110 ఇచ్చాను. అబ్బులుగారు రత్నం రేడియోలోనే గోగులంక వాళ్ళకు చెప్పారు, అక్కడ ఆయన కోడలు ఎక్కించింది. ఐదు నిమిషాల తరువాత 5110 తొలిసారి పలికింది. ఉప్పు సున్నా పాయింట్ మూడు. తియ్యటి నీళ్ళు. కూనలంక తలుపు కదల్లేదు.

ఇంటికి వెళ్ళమంటే ఆయన వెళ్ళలేదు. రేపు పోటు చూసి వెళ్తానన్నారు.

పౌర్ణమి

నేను నా బల్ల దగ్గరే ఉన్నాను. రిజిస్టరు, లాగ్ పుస్తకం, రేడియో. లంకలన్నిట్లోనూ వింటున్నారని తెలుసు. ఏరువాక నాడు ఎడ్లని కడగాల్సిన వాళ్ళు కూడా రేడియోల దగ్గరే ఉన్నారని కోళ్ళగూటావిడ చెప్పింది.

ఎనిమిదీ నలభైకి 2217: "ఉప్పు మూడు."

ఎనిమిదీ యాభైకి: "ఉప్పు ఏడు. తలుపు మూయాలి." వెనకనుంచి మోటారు మూలుగు, తలుపు దిగిన చప్పుడు వినిపించాయి. రత్నం తన రేడియో తెరిచే ఉంచింది.

తొమ్మిదికి: "ఉప్పు పదమూడు."

రెండో గొంతు కోసం ఎదురు చూశాను. భయపడ్డానని రాయడానికి నాకేం నామోషీ లేదు. నిమిషం, రెండు, ఐదు. గోగులంక నుంచి 5110 తన నంబరుతో తన నీళ్ళ సంగతి చెప్పి ఊరుకుంది. 2217 మళ్ళీ తొమ్మిదీ పదికి పలికింది, ఉప్పు పదిహేను. తలుపు దిగే ఉంది. అవతల సముద్రం, ఇవతల నారు.

పదీ ఇరవైకి పోటు తిరిగింది. రేడియోలో నాగరత్నం గొంతు. "తొమ్మిది మడులూ బాగున్నాయి. రేప్పొద్దున పడవలు తెచ్చుకోండి. ఒకొక్కళ్ళకి నాలుగోవంతు తగ్గుతుంది, సర్దుకోండి." ఆ తరువాత ఏడ్చినట్టుంది, ఎందుకంటే రేడియో గుండీ వదిలేసింది.

కాసేపటికి అబ్బులుగారు వచ్చారు.

"తాయారమ్మా, విన్నావా?"

"విన్నానండి."

"ఒక్కటే గొంతు."

"ఒక్కటే."

"మరి మా కొత్తదాని వీపు మీద పాత అంకెలు చెరిపెయ్యాలి. ఏం పేరు రాయమంటావు?"

నాలుగేళ్ళ కింద ఇదే ప్రశ్న, ఇదే గొంతు.

"అది మీ ఇష్టం అబ్బులుగారూ. ఈసారి నన్నడక్కండి. నేను నంబర్లు ఇచ్చే మనిషిని."

ఆయన నవ్వారు. ఏం రాశారో సాయంత్రం గోగులంక నుంచి వచ్చిన ఇస్సాకు చెప్పాడు. పెద్ద పెద్ద ఎర్ర అక్షరాల్లో రాశారట, "అచ్చియ్యమ్మ గారి మనవరాలు" అని. లక్క పూత ఆరకముందే చేత్తో ఎత్తి చూసుకున్నారట కూడా.

రిజిస్టరు తీసి, ఈసారి ఏ సంగతీ లాగ్‌లో దాచకుండా, రెండు వరసలూ నా చేత్తో పూర్తి చేశాను.

2217. కూనలంక తూము. చేసినది అచ్చియ్యమ్మ. బతికే ఉంది.

5110. గోగులంక తూము. 2217కి మనవరాలు. పలుకుతోంది.